తాళికీ విందుకూ నడుమ

ఉగాదినాడు క్రొత్త పంచాంగం చేతికి రాగానే పెండ్లీడు పిల్లలున్న యింటివారు కందాయఫలాల జోలికి పోరు. తిన్నగా ముహూర్తాల పుట తిప్పుతారు. మా చాకలిపేటలో ఆ పుట ప్రక్కనే తమిళ క్యాలెండరు కూడ విప్పి పెట్టుకోవలసి ఉంటుంది. ముహూర్తం పురోహితుడు పెడతాడు, మండపం మేనేజరు ఇస్తాడు. తాళి కట్టిన తరువాత విందుసభ మొదలయ్యేవరకు మిగిలే గంటలను గూర్చి మాత్రం ఎవరూ ముందుగా ఆలోచించరు. ఆ గంటలకు మన పెండ్లిళ్ళలో పెద్ద చరిత్రే ఉన్నది. దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేస్తాను.

తెలుగునాట ఎన్నో కుటుంబాలు అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రంలో ఈ వ్యవధికి చక్కని ఏర్పాటు కలదు. వధువును వరుని యింటికి తీసికొనివచ్చిన పిమ్మట ఇద్దరూ ఎఱ్ఱని ఎద్దుచర్మం మీద కూర్చొని, చుక్కలు పొడిచేవరకు మౌనంగా ఉండవలెను. చుక్కలు కనబడగానే బయటికి వచ్చి వరుడు ఆమెకు ధ్రువుని, అరుంధతిని చూపవలెను. అటు తరువాత మూడు రాత్రులు నేలపడక, ఉప్పుకారాలు లేని భోజనం, బ్రహ్మచర్యం. నాలుగవ రాత్రి కడపటి జామున శేషహోమం. మన పెద్దలు చెప్పుకొనే ఐదురోజుల పెండ్లికి ఈ నియమమే వెన్నెముక అనవచ్చును.

కాని మన ఆడవారు ఆ మూడు రాత్రులను మౌనంతో వదలలేదు. నలుగు, పూలబంతులాట, అలకపాన్పు, వసంతాలు, నాకబలి, ఊరేగింపు, అప్పగింతలు! కులాన్నిబట్టి, కలిమినిబట్టి రోజులు మూడో ఐదో కావచ్చును, తంతులూ మారవచ్చును. పాటలు లేని పెండ్లి మాత్రం లేదు. వియ్యపురాలిని ఎత్తిపొడిచే పాట, దానికి ఆ పక్షంవారి జవాబు, నడుమ అలిగి కూర్చున్న అల్లునికి బుజ్జగింపు. ఒకరి ముఖమొకరు ఎరుగని రెండు కుటుంబాలు ఆ పాటల రాపిడిలోనే చుట్టాలయ్యేవి.

చాకలిపేటకూ పెండ్లికీ ఉన్న సంబంధం చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తికాదు. 1639లో ఇంగ్లీషు కంపెనీవారు చెన్నపట్నంలో దిగినది ప్రధానంగా గుడ్డల వర్తకానికి. కోరాబట్ట తెల్లబడనిదే ఓడ యెక్కదు గనుక నేతగాండ్రతోపాటు చలువచేసేవారు కూడ కావలసివచ్చారు. పేటకు ఆ పేరు వచ్చినది ఆ వృత్తివారివల్లనే. వారిలోను, నేతవారిలోను తెలుగువారెందరో. పల్లెల్లో పెండ్లి జరిగితే చాందినీ కట్టేదీ, ఊరేగింపుకు దివిటీ పట్టేదీ, పెండ్లివారి నడకకు బట్టలు పరచేదీ చాకలియే గదా. 1920లో మదరాసు కార్పొరేషను అధ్యక్షుడైన సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారు తెలుగు దేవాంగుల బిడ్డ. ఆయన పేర 1950లో వెలసిన కళాశాల నేటికీ ఈ పేటలోనే ఉన్నది.

ఇండ్లు ఇరుకు కనుక ఇక్కడ వీధియే మండపం. పందిరి తెల్లవారి వేస్తే రేపటికి విప్పవలె. మిల్లులోనో రైల్వేలోనో పనిచేసేవానికి ఐదురోజుల సెలవెక్కడిది? రెండవ ప్రపంచయుద్ధకాలంలో రేషను వచ్చి బంతుల సంఖ్యనూ తగ్గించినది. 1952 జూన్‌లో రాజాజీగారు రేషను ఎత్తివేశారు. బియ్యం తిరిగివచ్చినది గాని రోజులు తిరిగిరాలేదు. 1955 నాటి హిందూ వివాహచట్టం సప్తపది ఆచారమున్న చోట ఏడవ అడుగుతో వివాహం పూర్తియైనట్లేనన్నది. చట్టానికి ఏడడుగులు చాలును, వియ్యపురాలికి చాలవు.

ఇప్పుడు చెన్నైలో మరొక చిత్రం. రిసెప్షను ముహూర్తానికి ముందటి సాయంత్రమే జరిగిపోతున్నది. మండపం అద్దె ఒకనాటి మధ్యాహ్నంనుండి మరునాటి మధ్యాహ్నం వరకు. తమిళుల ముహూర్తం ప్రొద్దున. కనుక వారికి అది సరిపోయినది. మనమూ అనుసరించాము. తాళి పడకముందే దంపతులకు బహుమతులు, ఫొటోలు! ఒకటి మాత్రం మనకు కలసివచ్చినది. వారికి ఆడిమాసంలో పెండ్లిళ్ళు లేవు. మన శ్రావణం కొంత అందులోనే పడుతుంది గనుక అప్పుడు మండపాలు సులువుగా దొరుకుతాయి.

మా బంధువులింట ఒక పెండ్లి ఇలాగే జరిగినది. ముందునాటి రాత్రి రిసెప్షను, తెల్లవారుజామున ముహూర్తం, పన్నెండుకు మండపం ఖాళీ. నెల్లూరునుండి వచ్చిన ముసలి మేనత్త అప్పగింతల పాట ఎత్తుకొనేసరికి మండపంవారి మనుషులు కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చుతున్నారు. ఆమె రెండు చరణాలు పాడి ఆపివేసినది. ఆ మరుసటి యేడు ఆమె పోయినది. మూడవ చరణం మా యింట ఎవరికీ రాదు.

అందుచేత మా యింటి పెండ్లికి, వైశాఖంలో, గట్టిపట్టు పట్టాము. రెండవపూట అద్దె అదనంగా ఇచ్చుకొన్నాము. ముహూర్తం పదిగంటలకు, విందు రాత్రి ఏడున్నరకు. భోజనాలయినాక మూడువరకు విశ్రాంతి. మూడునుండి అయిదువరకు మైకు లేకుండ ఆడవారి పాటలు, పూలబంతులాట. ఆ తరువాతనే అలంకరణ. ఫొటోగ్రాఫరు గొణిగాడు. పాటలు వ్రాసిపెట్టుకొనే పని మా అన్నగారి మనుమరాలికి అప్పగించాము. పుస్తకం చూస్తే తెలుగు పాట, తమిళ లిపి! 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చిన తరువాత బడిలో చేరిన పిల్ల. తెలుగు మాట్లాడుతుంది గాని అక్షరాలు రావు. మొదట నాకు మనసు చివుక్కుమన్నది. తరువాత చూస్తే పదకొండు పాటలున్నవి, ఒక్క చరణమూ పోలేదు.

ఏడుగంటలు దాటినాక అందరం మిద్దె యెక్కాము. పగటి ముహూర్తాలలో పురోహితుడు మిట్టమధ్యాహ్నం ఉత్తరానికి చేయిచూపి అరుంధతిని చూచితిమనిపించడమే నేనెరుగుదును. ఆ సాయంత్రం సప్తర్షులు ఎత్తుగా నిలిచి ఉన్నారు. వసిష్ఠుడు కనిపించాడు. వీధిదీపాల వెలుగులో అరుంధతి కనబడక పెద్దవాళ్ళం నలుగురం కండ్లద్దాలు మార్చుకొని చూచాము. పెండ్లికూతురు మాత్రం కనబడినదనే చెప్పినది. ధ్రువుడు తిరువొత్తియూరు దిక్కున, మిద్దెల చాటున, బాగా క్రిందికి ఉన్నాడు, చాలాసేపు వెదకవలసివచ్చినది. అప్పటికి క్రింద విందుకు వచ్చినవారు ఇరవై నిమిషాలుగా కాచుకొని ఉన్నారు.