గోల్ఫ్ కర్రల పేర్లు, స్వింగ్ పదాలు: ఒక పరిచయం

మన దేశానికి గోల్ఫ్ క్రీడ కొత్తది కాదు. కలకత్తాలో 1829లోను, బెంగళూరులో 1876లోను గోల్ఫ్ క్లబ్బులు ఏర్పడినవి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో బెంగళూరు యువతి అదితి అశోక్ నాలుగవ స్థానం పొందినప్పుడు దేశమంతా ఈ ఆట వైపు చూసింది. బిడది సమీపంలోని పల్లెకు చెందిన చిక్కరంగప్ప బాల్యంలో గోల్ఫ్ మైదానంలో క్యాడీగా, అనగా ఆటగాళ్ళ కర్రల సంచి మోసేవాడుగా ఉండి, తరువాత వృత్తి క్రీడాకారుడైనాడు. నగర శివార్లలోని మైదానాలకు పనికి వెళ్ళే మన యువకులకు మొదట ఎదురయ్యే ఇబ్బంది ఆట కాదు, మాటలు. డ్రైవర్ అనగానే బండి నడిపేవాడు, ఐరన్ అనగానే ఇస్త్రీపెట్టె మనకు తోస్తాయి. ఇక్కడ ఆ మాటలకు అర్థాలు వేరు.

కర్ర, దాని భాగాలు

క్లబ్ అనే మాటకు గోల్ఫ్‌లో రెండర్థాలు ఉన్నాయి. ఒకటి సంఘం, రెండవది ఆడే కర్ర. కర్రలో చేతితో పట్టుకొనే పిడి గ్రిప్, పొడవైన కాడ షాఫ్ట్, అడుగున బంతిని కొట్టే భాగం హెడ్. హెడ్‌లో బంతికి తగిలే తలం ఫేస్. కాడ హెడ్‌లో కూర్చొనే చోటు హోజెల్. ఫేస్ మీద సరైన దెబ్బ పడే చోటును స్వీట్ స్పాట్ అంటారు.

వీటన్నిటిలోను ముఖ్యమైన మాట లాఫ్ట్. ఫేస్ నిలువు నుండి వెనుకకు ఎంత వాలి ఉన్నదో తెలిపే కోణమే లాఫ్ట్. వాలు తక్కువైతే బంతి తక్కువ ఎత్తులో దూరంగా పోతుంది. వాలు ఎక్కువైతే ఎత్తుగా లేచి దగ్గరలో పడుతుంది. ఈ ఒక్క సూత్రం పట్టుబడితే కర్రల పేర్లు వాటంతట అవే బోధపడతాయి.

కర్రల రకాలు

వుడ్: పూర్వం వీటి హెడ్ కొయ్యతో చేసేవారు. నేడు టైటానియం, ఉక్కు వంటి లోహాలతో చేస్తున్నా పాత పేరే నిలిచింది. వీటిలో అన్నిటికంటె పొడవైనది డ్రైవర్. దాని లాఫ్ట్ సాధారణంగా 8 నుండి 12 డిగ్రీలు.

ఐరన్: పలుచని లోహపు హెడ్ గల కర్రలు. వీటికి అంకెలు ఉంటాయి. అంకె పెరిగేకొద్దీ లాఫ్ట్ పెరుగుతుంది, కాడ పొట్టి అవుతుంది, బంతి పోయే దూరం తగ్గుతుంది. ఒక అంకెకు, తరువాతి అంకెకు దూరంలో సుమారు 10 మీటర్ల తేడా ఉంటుంది. అందువలన ఆటగాడు 7 అడిగితే 9 అందించరాదు.

హైబ్రిడ్: వుడ్, ఐరన్ రెండింటి లక్షణాలు కలిసినది.

వెడ్జ్: ఎక్కువ వాలు గల పొట్టి కర్ర. ఇసుక గుంట నుండి బంతిని తీయడానికి వాడే శాండ్ వెడ్జ్ లాఫ్ట్ సుమారు 54 నుండి 58 డిగ్రీలు.

పటర్: నున్నని గ్రీన్ మీద బంతిని రంధ్రంలోకి దొర్లించే కర్ర. దీని ఫేస్ దాదాపు నిలువుగా ఉంటుంది.

నియమం ప్రకారం ఆటగాడు 14 కర్రలకు మించి ఆటలోకి తీసుకొనిపోరాదు.

స్వింగ్ దశలు

కర్రను వెనుకకు ఎత్తి, ముందుకు విసరి బంతిని కొట్టే మొత్తం కదలికే స్వింగ్. పాదాలు ఉంచే తీరు స్టాన్స్. కర్రను బంతి వెనుక ఆనించి సిద్ధపడటం అడ్రెస్. కర్రను వెనుకకు తీసుకొనిపోవడం బ్యాక్ స్వింగ్, క్రిందికి తేవడం డౌన్ స్వింగ్, బంతికి తగిలే క్షణం ఇంపాక్ట్, తగిలిన తరువాత కొనసాగే కదలిక ఫాలో త్రూ. వడిసెల విసిరేవాడు చేతి బలం ఒక్కదానినే నమ్ముకోడు. నడుము తిరగడం వలన రాయికి వేగం వస్తుంది. గోల్ఫ్‌లోను అంతే.

బంతిని పైకి లేపాలని క్రింది నుండి ఎత్తబోవడం కొత్తవారు తరచు చేసే పొరపాటు. లేపే పని లాఫ్ట్‌ది. ఐరన్‌తో కొట్టేటప్పుడు ముందు బంతి, తరువాత నేల తగలాలి. అప్పుడు లేచిన పచ్చిక పెళ్ళను డివట్ అంటారు. ముందే నేల తగిలితే అది ఫ్యాట్ దెబ్బ.

బంతి దారి

కుడిచేతి ఆటగాడి బంతి బాగా కుడికి వంగితే స్లైస్, ఎడమకు వంగితే హుక్. కావాలని కొద్దిగా కుడికి వంచితే ఫేడ్, ఎడమకు వంచితే డ్రా. ఎడమచేతి వారికి ఇవి తారుమారు. ఇంపాక్ట్ వేళ ఫేస్ ఏ వైపు చూస్తున్నది, కర్ర ఏ దారిలో కదులుతున్నది అనే రెంటి తేడా వలన ఈ వంపు కలుగుతుంది.

ప్రాణానికి సంబంధించిన మాట

బంతి బరువు 45.93 గ్రాములకు మించకపోయినా, వేగంగా వచ్చి తలకు తగిలితే ప్రమాదం. "ఫోర్" అనే కేక అంకె నాలుగు కాదు, బంతి వస్తున్నదనే హెచ్చరిక. వినగానే ఎటువైపూ చూడక తల వంచి చేతులతో కప్పుకోవాలి. ఆటగాడు స్వింగ్ చేసేటప్పుడు కర్ర తిరిగే మేరలో ఎవరూ నిలువరాదు. మైదానానికి పనికి వెళ్ళే పిల్లలకు పెద్దలు మొదట ఈ రెండు సంగతులు చెప్పి పంపాలి.

ఈ పదాలు కన్నడిగులు, తమిళులు వాడేవి కూడా ఇవే. ఒకసారి నేర్చుకున్నవారికి సరిహద్దుకు ఏ వైపున పని దొరికినా ఇవి అక్కరకు వస్తాయి.