మానెడు తీసుకుంటే రెండు మానెలు

బ్యాంకు అనగానే మనకి కౌంటరు, టోకెను, పాసుబుక్కు గుర్తొస్తాయి కదా! జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో ఇంకో రకం బ్యాంకులున్నాయి. వాటిలో డబ్బుండదు, విత్తనాలుంటాయి. నడిపేది ఆడవాళ్ళు. ఎక్కువమంది దళిత కుటుంబాల వాళ్ళు, చాలామంది బడికి వెళ్ళనివాళ్ళు. కుర్చీలో కూర్చుంటే ఈ బ్యాంకు నడవదు, చేలో తిరిగితేనే నడుస్తుంది. ఎందుకో చెప్తాను.

జహీరాబాద్ బొంబాయి హైవే మీద, కర్ణాటక సరిహద్దు దగ్గర ఉంటుంది. ఒకప్పుడు మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి. ఎక్కువగా వానని నమ్ముకున్న సాగే. పాతరోజుల్లో ఒక్క చేలోనే జొన్న, కంది, పెసర, అనుములు, నువ్వులు, పుంటికూర కలిపి వేసేవాళ్ళు. ఒకటి పోయినా ఇంకోటి ఇంటిని నిలబెట్టేది. రొట్టెకి పిండి, పప్పు, నూనె, కూర, పశువుకి మేత అన్నీ అక్కడినుంచే వచ్చేవి.

విత్తనం ఆడవాళ్ళ పని. కోతకి ముందే చేలో నడిచి మంచి కంకులు ఏరేవాళ్ళు. వాటిని ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో పోసి, మట్టితో, పేడతో మెత్తి దాచేవాళ్ళు. వచ్చే ఏడు ఏం వేయాలన్నా ఆ బుట్ట తెరవాలి. అందుకే ఇల్లాలి మాటకి విలువ ఉండేది.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. పేదల కడుపు నిండింది, ఆ మేలు కాదనలేం. కానీ బియ్యం చవగ్గా దొరికాక జొన్న వేయాల్సిన అవసరం తగ్గింది. పేదలకి దక్కిన భూములు చాలావరకు రాళ్ళనేలలు, వాటిలో ఎన్నో బీడు పడ్డాయి. నీళ్ళున్నచోట చెరకు వచ్చింది. విత్తనం దుకాణానికి చేరింది. దుకాణానికి వెళ్ళేది మగవాళ్ళు, అప్పు రాసేది మగవాళ్ళ పేరు మీద. బుట్టతోపాటు ఏం వేయాలన్న నిర్ణయం కూడా ఇల్లాలి చేతిలోంచి జారిపోయింది.

అదే 1983లో ఇక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దాని కేంద్రం జహీరాబాద్ పక్కనే ఉన్న పస్తాపూర్. దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ముఖ్యులు పి.వి. సతీష్ గారు. మైసూరులో పుట్టి, పత్రికల్లో, దూరదర్శన్‌లో పనిచేసిన మనిషి. సొసైటీ తరఫున ఊరూరా ఆడవాళ్ళ సంఘాలు ఏర్పడ్డాయి.

1990ల మధ్యలో ఈ సంఘాలు బీడు భూముల్ని బాగుచేసి జొన్న పండించడానికి పూనుకున్నాయి. పెట్టుబడికి అప్పిచ్చారు, ఆ బాకీ జొన్నలతో తీర్చారు. ఆ జొన్నల్ని ఊళ్ళోనే నిల్వచేసి, తిండికి కటకటగా ఉండే నెలల్లో పేద ఇళ్ళకి తక్కువ ధరకి అమ్మారు. ఎవరు పేదలో తేల్చింది ఏ ఆఫీసూ కాదు. ఊరివాళ్ళే కూర్చుని, నేల మీద ముగ్గులా ఊరి పటం గీసి, ఇల్లిల్లూ లెక్కించి చెప్పారు. పక్కింటి పొయ్యి వెలిగిందో లేదో ఊళ్ళో ఆడవాళ్ళకి తెలియకుండా ఉంటుందా!

విత్తనాల బ్యాంకు లెక్క ఇంకా సులువు. మానెడు విత్తనం తీసుకుంటే, పంట చేతికొచ్చాక రెండు మానెలు తిరిగివ్వాలి. భూమి కాగితాలు తాకట్టు పెట్టక్కర్లేదు. అలా పచ్చజొన్న, తెల్లజొన్న, కొర్ర, సామ, సజ్జ, తైదలు, ఇంకా ఎన్నో పప్పులు, నూనెగింజలు మళ్ళీ ఇళ్ళకి చేరాయి. జొన్నల్లో ఒకదాని పేరు అత్తాకోడళ్ళ జొన్న. మన ఇళ్ళ సంగతి చేలోకీ పాకింది చూశారా!

ఇప్పుడు మొదట అన్న మాటకి వస్తాను. బంగారం లాకర్లో ఇరవై ఏళ్ళు పెట్టినా బంగారమే. బుట్టలో దాచిన విత్తనం అలా కాదు, కొన్నేళ్ళు నేల చూడకపోతే మొలకెత్తదు. కాబట్టి ఈ బ్యాంకులో అప్పివ్వడమే దాచడం. ఏ కంకి వానకి తట్టుకుంది, ఏ చెట్టుకి పురుగు పట్టలేదు అన్నది చేలో నిలబడి చూస్తేనే తెలుస్తుంది. అలా తిరుగుతూనే ఎవరూ వేయకుండా మొలిచే తుమ్మికూర, గునుగు, పొన్నగంటి కూడా కొంగున కట్టుకొస్తారు. అవి కలుపు అనుకుని మందు కొడితే, ఆ పూట కూర పోయినట్టే. చలికాలంలో మంచు తడితోనే పండే శనగ, కుసుమల్లాంటివాటిని వీళ్ళు సత్యం పంటలంటారు. ఎంత ముద్దుగా ఉందో ఆ పేరు!

ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర మొదలవుతుంది. ఎడ్లబండ్ల మీద విత్తనాల బుట్టలు పేర్చి, పాటలు పాడుతూ ఊరూరా తిరుగుతారు. 2008 అక్టోబరు 15న మాచనూరులో సంఘం రేడియో మొదలైంది. ఆల్గోల్ నర్సమ్మ, జనరల్ నర్సమ్మ దాన్ని నడిపి పేరు తెచ్చుకున్నారు. 2019లో ఈ సంఘాలకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. సతీష్ గారు 2023 మార్చిలో కన్నుమూశారు. అది ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంటున్న ఏడాది.

ఈరోజు మిల్లెట్లంటే పట్నాల్లో ఫ్యాషన్. షుగరు, బరువు అంటూ మనమూ కొర్రలు కొంటున్నాం. మంచిదే. కానీ ఈ బ్యాంకు మొదలుపెట్టిన తరం పెద్దదైపోయింది. బ్యాంకు మేనేజరు రిటైరైతే ఇంకొకరు వచ్చి రిజిస్టరు తెరుస్తారు. ఇక్కడ రిజిస్టరు అంతా ఆ ఆడవాళ్ళ కళ్ళలో, చేతుల్లో ఉంది. పక్కన కూతురో కోడలో నడిస్తేనే అది చేతులు మారుతుంది. నడవాలంటే ఆ పనిలో నాలుగు డబ్బులూ కాస్త గౌరవమూ కనిపించాలి. ఈసారి కొర్రల ప్యాకెట్టు తీసుకునేటప్పుడు, ఇది ఎక్కడ పండింది, పండించినామెకి ఎంత ముట్టింది అని షాపులో ఒక్కమాట అడిగి చూడండి.