పంక్తులు తరలించు విద్య

ఖమ్మము జిల్లా 1953లో వరంగల్లు జిల్లానుండి విడివడి ఏర్పడినది. అప్పటికి భద్రాచలము, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి జిల్లాలో ఉండెడివి. 1959లో అవి ఖమ్మము జిల్లాలో చేర్చబడినవి. 2014లో భద్రాచల పరిసరములందలి పెక్కు గ్రామములు మరల ఆంధ్రప్రదేశములోనికి పోయినవి. 2016లో భద్రాచలము పట్టణము క్రొత్తగా ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెము జిల్లాకు చెందినది. ఇన్ని మార్పులలోను గోదావరి గాని, అడవి గాని అంగుళమైనను కదలలేదు. కదలినది కాగితముమీది పేరు మాత్రమే. ఐనను ఆ పేరుతోపాటు ప్రజలు అర్జీ పెట్టుకొను కచేరి మారినది, గ్రామముల రికార్డులుండు చోటు మారినది. వ్రాతలో ఒక మాట స్థానము మారినచో ఫలితము ఎంత దూరము పోవునో దీనివలన తెలియుచున్నది.

నేడు కంప్యూటరు తెరమీద ప్రోగ్రాము వ్రాయువాడు ఒక పంక్తిని మౌసుతో పట్టుకొని, ఈడ్చి, మరొకచోట విడువగలడు. దీనిని డ్రాగ్ అండ్ డ్రాప్ అందురు. మనము ఈడ్చి విడుచుట అందము. చూచుటకు ఇది పిల్లల ఆటవలె నుండును. కాని దీని వెనుక దీర్ఘమైన చరిత్ర కలదు.

తాటాకు గ్రంథముల కాలములో వ్రాసినది కదలునది కాదు. గంటముతో ఆకుమీద గీసి, మసి పూసిన అక్షరమును తుడుచుటకు వీలులేదు. లేఖకుడు ఒక మాట విడిచిపెట్టినచో, ఆ చోట హంసపాదము గుర్తు వేసి, విడిచిన మాటను అంచున గాని, పంక్తుల నడుమ గాని వ్రాసెడివాడు. మాట తన చోటికి పోలేదు కనుక, చదువరి కన్నే అక్కడికి పోవలసివచ్చెను.

అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట అక్షరములు సీసపు ముక్కలైనవి. కంపోజిటరు ఒక పంక్తిని చేతితో ఎత్తి వేరొకచోట పెట్టగలిగెను. వ్రాతను నిజముగా తరలించుట అప్పుడు సాధ్యమైనది. కాని ఆ పంక్తి చేరినచోట తక్కిన పంక్తులు క్రిందికి జరుగవలెను. పేజీ నిండినచో మిగిలినది తరువాతి పేజీకి పోవలెను. చేయి జారినచో అక్షరములన్నియు నేలపాలగును.

తొలి కంప్యూటర్ల కాలములోను ఇదే స్థితి. హైదరాబాదులో 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ స్థాపితమై, పిమ్మట టి.డి.సి. శ్రేణి కంప్యూటర్లను నిర్మించినది. ఆ దినములలో లోకమంతట ప్రోగ్రాములు రంధ్రములు పొడిచిన అట్టలమీదను, కాగితపు పట్టీలమీదను ఉండెడివి. ఒక్కొక్క అట్టలో ఎనుబది నిలువు వరుసలు. సాధారణముగా అట్టకొక పంక్తి. పంక్తిని తరలించుట అనగా అట్టను కట్టలోనుండి లాగి మరొకచోట దోపుట. కట్ట చెదరినచో తిరిగి పేర్చుకొనుటకై ఫోర్ట్రాను వ్రాయువారు 73 మొదలు 80 వరకు గల వరుసలలో క్రమసంఖ్య వేసికొనెడివారు.

1968 డిసెంబరు 9న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరములో డగ్లస్ ఎంగెల్‌బర్ట్ అను శాస్త్రజ్ఞుడు మౌసును సభలో ప్రదర్శించెను. దానిని నిర్మించినవాడు బిల్ ఇంగ్లీష్. తెరమీది మాటలను చూపించి, వాటి చోట్లను మార్చుట ఆనాడు జనులు కన్నులార చూచిరి.

పిమ్మట జిరాక్స్ సంస్థ పరిశోధనాలయములో 1974లో బ్రావో అను ఎడిటరు తయారైనది. అందులో అక్షరపు మీట ఒకప్పుడు అక్షరముగను, మరొకప్పుడు ఆజ్ఞగను పనిచేసెడిది. ఆజ్ఞాస్థితిలో నున్నట్లు మరచి ఒకడు "ఎడిట్" అను ఆంగ్లపదము కొట్టెననుకొనుడు. "ఇ" అనగా సర్వమును ఎన్నుకొమ్మని ఆజ్ఞ. "డి" అనగా తుడిచివేయుమని. "ఐ" అనగా ఇకమీద కొట్టునది చేర్చుమని. కడకు పత్రమంతయు మాయమై "టి" అను ఒక్క అక్షరము మిగులును!

ఈ కష్టమును తొలగించుటకు పూనుకొన్నవారు లారీ టెస్లర్, టిమ్ మాట్. పాఠ్యపుస్తకములు ప్రచురించు జిన్ అను సంస్థలోని సంపాదకులు కత్తెరతో కాగితము కోసి, జిగురుతో అతికించి పనిచేయుట వారు గమనించిరి. ఆ అలవాటునే తెరమీదికి తెచ్చి, 1975 నాటికి జిప్సీ అను ఎడిటరును రూపొందించిరి. మౌసును మాటలమీదుగా ఈడ్చి ఎన్నుకొనుట, కోసి అతికించుట అందులో స్థిరపడినవి. 1984లో వచ్చిన మాకింటోష్ వీనిని సామాన్యులకు అందించెను. 1991లో విండోసు కొరకు వెలువడిన వర్డ్ రెండవ రూపములో ఎన్నుకొన్న మాటలను నేరుగా ఈడ్చి విడుచు సౌకర్యము వచ్చినది. క్రమముగా అది ప్రోగ్రాములు వ్రాయు ఎడిటర్లలోను ప్రవేశించినది.

ఇది పనిచేయు విధము సులభము. ఎన్నుకొన్న భాగముమీద మౌసు మీట నొక్కి కదలించినచో, యంత్రము ఆ కదలికను కొలుచును. విండోసులో సాధారణముగా నాలుగు బిందువుల దూరము దాటగానే, ఇది నొక్కుట కాదు, ఈడ్చుట అని నిర్ణయించును. నాలుగు బిందువులనగా కంటికి ఆనని దూరము. చేయి వణికినను చాలును.

ప్రోగ్రాము వ్రాయువారిలో కొందరికి ఈ సౌకర్యము గిట్టకపోవుటకు కారణమిదే. లేఖలో వాక్యము జరిగినచో చదువరి గుర్తించును. ప్రోగ్రాములో అట్లు కాదు. ఒక ఉపాధ్యాయుడు ముగ్గురు విద్యార్థుల మార్కులు కూడుటకు పైథాన్ భాషలో ప్రోగ్రాము వ్రాసెననుకొందము. మార్కులు 40, 35, 45. "మొత్తము సున్న" అను పంక్తి మొదట ఉండి, దాని క్రింద ఒక్కొక్క మార్కును కూడు ఆవృత్తి ఉండవలెను. అప్పుడు ఫలితము 120. ఆ మొదటి పంక్తి పొరపాటున ఆవృత్తిలోనికి జారి, తగిన ఖాళీతో కుదురుకొన్నచో, ప్రతిమారు మొత్తము సున్నయై, కడకు 45 మాత్రమే మిగులును. యంత్రము తప్పు అని చెప్పదు. అన్ని పంక్తులును ఉన్నవి. ఒకదాని స్థానము మాత్రము మారినది. అది ఉపకారవేతనముల జాబితా యైనచో ఒక బిడ్డకు అన్యాయము జరుగును.

తెలుగు లిపికి మరియొక చిక్కు కలదు. "భద్రాచలం" అను మాటలో మనకు నాలుగు అక్షరములు కనబడును. యూనికోడులో అవి ఎనిమిది సంకేతములు: భ, ద, పొల్లు, ర, దీర్ఘము, చ, ల, సున్న. యూనికోడు సాధారణ నియమముల ప్రకారము "ద్రా" చాలకాలము రెండు ముక్కలుగా లెక్కింపబడినది. ఆ నడుమ "క" అను అక్షరము విడిచినచో ఊరిపేరు "భద్కరాచలం" అగును. 2023లో వెలువడిన యూనికోడు 15.1 సంచిక తెలుగు సంయుక్తాక్షరమును ఒకటిగా ఎంచు నియమమును చేర్చినది. కాని ప్రతి ఎడిటరును దానిని పాటించిననే ఫలము. ఈ అటవీప్రాంతపు కోయభాషను తెలుగు లిపిలో పాఠ్యపుస్తకములకు ఎక్కించుచున్నారు. కోయ మాటకును ఇదే రక్షణ కావలెను. పుస్తకములు తక్కువగా ఉన్న భాషలో ఒక మాట చెదరినచో సరిచూచుకొనుటకు వేరొక ప్రతి దొరకుట కష్టము.

ఈడ్చి విడుచుట చెడ్డదని దీని భావము కాదు. పాఠశాలలలో వాడు స్క్రాచ్ భాష 2007లో వెలువడినది. అందు ఆజ్ఞలు రంగుబిళ్లలు. వాటిని ఈడ్చి కూర్చుటయే ప్రోగ్రాము వ్రాయుట. కుదరని బిళ్ల అతుకుకొనదు కనుక పిల్లలకు అది క్షేమము. మామూలు ఎడిటరులో అట్టి కాపుదల లేదు. అందుచేత విజువల్ స్టూడియో కోడ్ వంటి ఎడిటర్లలో ఈ సౌకర్యమును ఆపివేయుటకు అమరిక పెట్టిరి. అందులోనే ఆల్ట్ మీటతో బాణపు మీట నొక్కినచో పంక్తి ఒక్కొక్క మెట్టు పైకి గాని, క్రిందికి గాని జరుగును. చేసినదానిని రద్దుచేయు ఆజ్ఞ ఎల్లప్పుడును ఉన్నది.

విద్యార్థులు పై కూడిక ప్రోగ్రామును తాము వ్రాసి, మొదటి పంక్తిని లోనికి జరిపి, ఫలితము చూడవలెను. పిదప దానిని యథాస్థానమునకు తేవలెను. తరలించుట చేతితో నేర్చుకొనవచ్చును. తరలించిన పిమ్మట మరల చదివి చూచుట అలవాటుచేతనే రావలెను. హంసపాదము వేసిన లేఖకునికి చోటు తప్పకుండుట ఎంత ముఖ్యమో, మౌసు పట్టిన విద్యార్థికిని అంతే ముఖ్యము.