కంటబడిన ముక్క ఎవరిది?



నలమహారాజు కథ మనలో తెలియనివారు అరుదు. పుష్కరుడితో జూదమాడి రాజ్యం పోగొట్టుకున్న నలుడు, బాహుకుడనే పేరుతో ఋతుపర్ణ మహారాజు దగ్గర సారథిగా కుదిరాడు. ఒకనాడు రథం మీద వెళుతూ ఋతుపర్ణుడు దారిలో ఒక తానికాయ చెట్టును చూసి, దాని ఆకులెన్నో కాయలెన్నో చెప్పేశాడు. నలుడు నమ్మలేక రథం ఆపి లెక్కపెట్టాడు. సరిగ్గా సరిపోయింది. ఆ విద్యను ఋతుపర్ణుడి దగ్గర నేర్చుకునే నలుడు పోయిన రాజ్యాన్ని తిరిగి గెలుచుకున్నాడు. అదే భారతంలో శకుని పాచికలు కూడా ఉన్నాయి. ఋతుపర్ణుడిది విద్య అంటాం, శకునిది మోసం అంటాం. మరి ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడ గీయాలి? ఇరవయ్యో శతాబ్దంలో అమెరికా జూదశాలల్లో, ఆ తర్వాత న్యాయస్థానాల్లో సరిగ్గా ఈ ప్రశ్నే తలెత్తింది. దానికి కారణమైన ఆట పేరు బ్లాక్‌జాక్. ఈనాటి ప్రసంగంలో దాని చరిత్ర ముచ్చటించుకుందాం.

ఇది పాత ఆటే. ఫ్రెంచివారు దీన్ని తమ భాషలో 'ఇరవై ఒకటి' అనే పిలిచారు. అంతకుముందే స్పెయిన్ దేశపు రచయిత సెర్వాంటిస్ 1613లో అచ్చయిన తన కథల్లో ఒకదానిలో ఈ పేరుగల ఆటను ప్రస్తావించాడు. ఆ కథలో దాన్ని ఆడేది పేకముక్కలతో జనాన్ని మోసగించే ఇద్దరు కుర్రవాళ్ళు. అంటే ఈ ఆటా, దొంగాటా ఆదినుంచీ తోడుగానే నడిచాయన్నమాట.

ఆడనివారి కోసం ఆట తీరు క్లుప్తంగా చెబుతాను. ఇందులో ఆటగాళ్ళు ఒకరితో ఒకరు పోటీపడరు. అందరి పోటీ జూదశాల తరఫున ముక్కలు పంచే మనిషితోనే. రెండు నుంచి పది దాకా ముక్క మీద అంకె ఎంతో విలువ అంత. రాజు, రాణి, జాకీలకు పదేసి. ఆసును ఒకటిగానో, పదకొండుగానో లెక్కించుకోవచ్చు. మొత్తం 21కి దగ్గరగా రావాలి గాని దాటకూడదు. దాటితే పందెం పోయినట్టే. పంచేవాడు తన రెండు ముక్కల్లో ఒకదాన్ని తెరిచిపెడతాడు, రెండోదాన్ని బోర్లాపెడతాడు. అతని ఇష్టాయిష్టాలతో పనిలేదు. 16 దాకా ఉంటే మరో ముక్క తీసి తీరాలి, 17 వస్తే సాధారణంగా ఆగాలి. ఆ బోర్లాపెట్టిన ముక్కను గుర్తుంచుకోండి. మన కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

చాలాకాలం పాటు ఇది అదృష్టం మీద నడిచే ఆటేనని జనం నమ్మారు. మేరీలాండ్ రాష్ట్రంలోని అబర్డీన్ సైనిక కేంద్రంలో పనిచేస్తున్న రోజర్ బాల్డ్విన్, విల్బర్ట్ కాంటీ, హెర్బర్ట్ మైసెల్, జేమ్స్ మెక్‌డర్మాట్ అనే నలుగురు ఆ నమ్మకాన్ని మొదట కదిలించారు. అప్పట్లో కార్యాలయాల్లో బల్లల మీద ఉండే లెక్కల యంత్రాలతో కుస్తీపట్టి, ఏ ముక్కలున్నప్పుడు ఆగాలి, ఎప్పుడు అడగాలి అనేది తేల్చి, 1956లో అమెరికా గణాంక శాస్త్ర సంఘం పత్రికలో ప్రచురించారు. వారి పద్ధతిలో ఆడితే జూదశాలకు మిగిలే లాభం నూటికి ఒక రూపాయి కన్నా తక్కువని తేలింది.

ఆ వ్యాసం చదివిన ఎడ్వర్డ్ థార్ప్ అనే గణిత ఆచార్యుడు మరో అడుగు వేశాడు. పాచికను ఎన్నిసార్లు వేసినా ప్రతిసారీ కొత్తే. పేక అలాకాదు. పంచిన ముక్క మళ్ళీ కలిపేదాకా కట్టలోకి తిరిగిరాదు. పోయిన ముక్కలేవో తెలిస్తే ఉన్నవేవో తెలిసినట్టే గదా! ఎంఐటీలో ఉన్న ఐబీఎం 704 కంప్యూటరు మీద ఆయన ఈ లెక్కలు వేశాడు. కట్టలో పదులూ ఆసులూ ఎక్కువగా మిగిలితే ఆటగాడికి లాభమని, చిన్న ముక్కలు మిగిలితే జూదశాలకు లాభమని తేలింది. 1961లో వ్యాసం వెలువడింది. అదే ఏడాది పదివేల డాలర్ల పెట్టుబడితో రీనో పట్టణంలో ఆడి, కొద్ది రోజుల్లోనే పదకొండు వేలు గెలిచినట్టు ఆయనే రాసుకున్నాడు. 1962లో ఆయన పుస్తకం 'బీట్ ద డీలర్' వచ్చింది.

తర్వాత వచ్చిన తేలిక పద్ధతి చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేదే. రెండు నుంచి ఆరు దాకా ఏ ముక్క పడినా ఒకటి కలుపుకోవాలి. పది, బొమ్మలు, ఆసు పడితే ఒకటి తీసేయాలి. ఏడు, ఎనిమిది, తొమ్మిదిని వదిలేయాలి. ఒక కట్టలో కలిపేవి 20, తీసేసేవి 20. కాబట్టి మొత్తం కట్ట అయిపోయేసరికి లెక్క సున్నాకు వస్తుంది. మధ్యలో లెక్క పెరిగితే పెద్ద ముక్కలు మిగిలి ఉన్నాయన్నమాట. అప్పుడు పందెం పెంచాలి. ఇంత శ్రమపడితే దక్కే మొగ్గు సుమారు నూటికి ఒకటి. వేల ఆటలు ఆడితేగాని అది చేతికి అందదు. ఈలోగా ఉన్నదంతా ఊడ్చుకుపోయే రోజులూ ఉంటాయి.

ఇక కంటబడిన ముక్క సంగతికి వద్దాం. వెనకటి రోజుల్లో నెవాడా జూదశాలల్లో పంచేవాడి ముందు ఆసో పదో తెరుచుకుంటే, అతను బోర్లాపెట్టిన ముక్క అంచును కాస్త ఎత్తి, తనకు రెండు ముక్కల్లోనే 21 పడిందేమో చూసుకునేవాడు. కొందరి చెయ్యి కాస్త ఎక్కువ ఎత్తు లేచేది. మరికొందరు ముక్కను బల్ల మీద జారవిడిచే తీరులోనే అది ఎదుటివాడికి కనిపించేది. ముక్కలు కలిపేటప్పుడు కట్ట అడుగు ముక్క కనిపించడమూ ఉంది. లెక్కపెట్టేవాడికి ఇలాంటి ప్రతి ముక్కా ఒక ఆస్తి. అడుగు ముక్కను తన లెక్కలో కలుపుకుంటే, ఒకే కట్టతో ఆడేచోట 52లో ఒకటి ముందే తెలిసినట్టు. ఆరు కట్టలు కలిపి ఆడేచోట 312లో ఒకటి గనుక అంత ఫలితం ఉండదు.

బోర్లాపెట్టిన ముక్కే కనిపిస్తే మాత్రం ఆట స్వరూపమే మారిపోతుంది. ఒక ఉదాహరణ చూడండి. పంచేవాడికి ఆసు తెరుచుకుంది. మూసిన ముక్క పది అవుతుందని విడిగా పందెం కాయవచ్చు. గెలిస్తే రెండింతలు ఇస్తారు. ఆ ఆసు పోగా కట్టలో 51 ముక్కలు, పది విలువగలవి 16. పందెం సరితూగాలంటే 17 ఉండాలి. ఒక్కటి తక్కువ! లెక్కపెట్టేవాడు ఆ ఒక్కటీ ఎప్పుడు అనుకూలంగా మారుతుందా అని కాచుకుని కూర్చుంటాడు. ముక్కను చూసినవాడికి అంచనాతో పనే లేదు.

ఇంకొకటి. పంచేవాడికి పది తెరుచుకుంది, మీ దగ్గర 12 ఉంది. మామూలుగా అయితే మరో ముక్క అడగాలి. కాని మూసినది ఆరు అని మీకు తెలుసు. అంటే అతనిది 16. అతను ముక్క తీయక తప్పదు. 13 రకాల ముక్కల్లో ఆరు మొదలు రాజు దాకా 8 రకాలు అతన్ని 21 దాటిస్తాయి. మీరు చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు. ఇలా ప్రతిసారీ ముక్క కనిపిస్తే మొగ్గు నూటికి పది దాటుతుంది. లెక్కతో వచ్చేది ఒకటి, చూపుతో వచ్చేది పది!

అయితే ఆ చూపే ఆటగాణ్ణి పట్టిస్తుంది కూడా. పంచేవాడికి 20 ఉందని తెలిసి మీ దగ్గర 19 ఉంటే ఆగి లాభం లేదు, మరో ముక్క అడగాలి. కాని 19 మీద ముక్క అడిగే మనిషిని చూసి జూదశాలవాళ్ళు ఊరుకుంటారా? అందుకే తెలిసీ ఓడిపోవడం కూడా వీరి విద్యలో భాగమైంది.

జూదశాలలూ చేతులు ముడుచుకోలేదు. 1964లో లాస్ వేగాస్‌లో నియమాలు బిగించారు. జనం రావడం తగ్గేసరికి కొద్ది వారాల్లోనే సడలించారు. తర్వాత కట్టల సంఖ్య పెంచారు. మూసిన ముక్కను ఎత్తకుండానే చూసుకునే చిన్న అద్దాలు బల్లల్లో అమర్చారు. ఐరోపాలో చాలాచోట్ల ఆటగాళ్ళ వంతు అయ్యేదాకా పంచేవాడు రెండో ముక్కే తీసుకోడు. లేని ముక్కను ఎవరు చూస్తారు?

న్యాయస్థానాలు ఏమన్నాయో చూద్దాం. కెన్ ఉస్టన్ అనే ఆటగాణ్ణి లెక్కపెడుతున్నాడని అట్లాంటిక్ సిటీలోని ఒక జూదశాల వెళ్ళగొట్టింది. ఆ రాష్ట్ర నియంత్రణ సంఘం నియమం చేయనిదే అలా వెళ్ళగొట్టే హక్కు జూదశాలకు లేదని న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1982లో తీర్పు చెప్పింది. నెవాడాలో మాత్రం లెక్కపెట్టడం నేరం కాకపోయినా బయటికి పంపే వీలు జూదశాలకు ఉంది. తన కుర్చీలో కూర్చుని, పంచేవాడి అజాగ్రత్త వల్ల కనిపించిన ముక్కను వాడుకున్న ఆటగాడిపై మోసం నేరం మోపితే, అది మోసం కాదన్న కింది కోర్టు నిర్ణయంపై వెళ్ళిన అప్పీలును నెవాడా సుప్రీంకోర్టు 1983లో కొట్టేసింది. మరుసటి ఏడే ఒకతను బెల్టు బిళ్ళలో చిన్న కెమెరా దాచుకుని మూసిన ముక్కను చూస్తూ లాస్ వేగాస్‌లో పట్టుబడ్డాడు. ఆటలో యంత్ర సహాయం నేరమని 1985లో నెవాడా చట్టం చేసింది. ఇక బ్రిటన్‌లో ఫిల్ ఐవీ అనే పేరుగాంచిన ఆటగాడు, ముక్కల వెనుక అంచుల్లోని చిన్న తేడాను గుర్తించేందుకు వీలుగా, మూఢనమ్మకం సాకుతో పంచేవారి చేతనే ముక్కలు తిప్పించాడు. అది వేరే పేకాటలో, 2012లో. గెలిచింది 77 లక్షల పౌండ్లు. జూదశాల ఇవ్వలేదు. అది మోసమేనని 2017లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది.

ఈ తీర్పులన్నీ పక్కపక్కన పెడితే గీత కనిపిస్తుంది. బుద్ధితో లెక్కపెట్టడం విద్య. దానంతట అది కంటబడినదాన్ని చూడటం నేరం కాదు. యంత్రంతో చూడటం నేరం. ఎదుటివాడి చేత చూపించుకోవడం మోసం.

మన దేశంలోనూ ఈ ప్రశ్న వచ్చింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడినవారిపై పెట్టిన కేసులో సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెబుతూ, పడిన ముక్కలను జ్ఞాపకం పెట్టుకోవాలి గనుక రమ్మీలో నేర్పు ముఖ్యమంది. మూడుముక్కలాట వంటిది కాదంది. అంటే ఋతుపర్ణుడి వైపే నిలిచింది. తర్వాత 1996లో మద్రాసు గుర్రప్పందాల కేసులోనూ ఈ తీర్పును పరిశీలించారు. అయితే 2025లో పార్లమెంటు చేసిన చట్టం, డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను నేర్పా అదృష్టమా అన్న తేడా చూడకుండా నిషేధించింది.

చివరిగా ఒక్క మాట. థార్ప్ కొన్నేళ్ళకే జూదశాలలు వదిలి పెట్టుబడుల రంగంలోకి వెళ్ళి, అక్కడ అంతకన్నా ఎంతో ఎక్కువ సంపాదించాడు. ఆయన పుస్తకం చదివి నలుడిలా గెలవాలని బయల్దేరినవారు ఎందరో, లెక్క తప్పి జూదశాలల లాభాలనే పెంచారు. నలుడు కూడా అక్షహృదయం తెలిశాక పోయినది తెచ్చుకోవడానికి ఒక్కసారే ఆడాడు. ఆ తర్వాత పాచికలు ముట్టినట్టు కథ చెప్పదు.