మొదటి డీఎస్ఎల్ఆర్ కెమెరా: కొనేముందు, కొన్నాక తెలుసుకోవలసినవి

తల్లిదండ్రులకు, విద్యార్థులకు,

పై తరగతుల పిల్లల్లో కొందరు ఇంట్లో డీఎస్ఎల్ఆర్ కెమెరా కొనమని అడుగుతున్నారు. కొందరికి సరదా. కొందరికి రేపు పెళ్లిళ్లు, ఫంక్షన్ల ఫోటోలు తీసి నాలుగు డబ్బులు సంపాదించాలని ఆశ. రెండూ మంచివే. కానీ లమ్తపుట్‌లో చాలా ఇళ్లకు ఇది చిన్న ఖర్చు కాదు. అందుకే వెంటనే కాదనకండి, వెంటనే కొనేయకండి. ముందు ఇది చదవండి.

ఫోన్ ఉండగా ఇది ఎందుకు?

ఎండలో తీసిన ఫోటో వాట్సాప్‌లో పంపడానికి ఫోన్ చాలు. తేడా తెలిసేది మసక వెలుతురులో, దూరంగా ఉన్నవాటిని తీసేటప్పుడు, పరుగెత్తే పిల్లల్ని తీసేటప్పుడు. డీఎస్ఎల్ఆర్‌లో వెలుతురును పట్టే సెన్సర్ పెద్దది. మొదటి స్థాయి కెమెరాల్లో దాని వెడల్పు సుమారు 22–23 మిల్లీమీటర్లు. చాలా ఫోన్లలో అందులో సగం కూడా ఉండదు. లెన్సు మార్చుకోవచ్చు. లోపల ఒక అద్దం ఉంటుంది, లెన్సులోంచి వచ్చే దృశ్యాన్ని అది నేరుగా మీ కంటికి చూపిస్తుంది. నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, వెలుతురు సెన్సర్ మీద పడుతుంది.

ఒక చిన్న పరీక్ష పెట్టండి. మీ ఫోన్‌లో 'ప్రో' మోడ్ ఉంటే పిల్లవాణ్ణి ఒక నెల దాంతో తీయమనండి. నెల తర్వాత కూడా ఆసక్తి నిలిస్తే అప్పుడు కెమెరా మాట ఆలోచించవచ్చు.

ఏది తీసుకోవాలి?

మనవాళ్ల చేతుల్లో ఎక్కువగా కనిపించేవి మూడు. కానన్ 1500డి (24.1 మెగాపిక్సెల్), కానన్ 3000డి (18 మెగాపిక్సెల్), నికాన్ డి3500 (24.2 మెగాపిక్సెల్). మూడూ 2018లో వచ్చినవే. 3000డిలో లెన్సు బిగించే చుట్టు ప్లాస్టిక్, 1500డిలో లోహం. లెన్సు తరచుగా మార్చేవారికి లోహమే మేలు. డి3500 తయారీని నికాన్ ఆపేసింది, ఇప్పుడు పాతవే దొరుకుతాయి. దాంట్లో కొత్తవారికి అడుగడుగునా చెప్పే 'గైడ్' మోడ్ ఉంది. అయితే ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పి అని రాసి ఉన్న లెన్సులే దానికి సొంతంగా ఫోకస్ చేస్తాయి. పాత రకం లెన్సు చవగ్గా వస్తోందని కొంటే ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి.

కంపెనీలు ఇప్పుడు అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు వెళ్లాయి. దాంతో డీఎస్ఎల్ఆర్ పనికిరానిదైపోదు. నేర్చుకోవడానికి ఇది ఇప్పటికీ చక్కటి సాధనమే, పాతవి తక్కువ ధరకు వస్తున్నాయి కూడా.

మెగాపిక్సెల్ అంకెలు చూసి మోసపోకండి. మిగిలిన డబ్బుతో మంచి లెన్సు కొనడం తెలివైన పని. కెమెరాతో వచ్చే 18–55 లెన్సుతో ఆరు నెలలు పని చేయండి. తర్వాత కానన్‌కైతే 50 ఎంఎం ఎఫ్1.8, నికాన్‌కైతే 35 ఎంఎం ఎఫ్1.8 చూడండి. ఇంట్లో, స్టేజి మీద తక్కువ వెలుతురులో ఇవి బాగా పనిచేస్తాయి. 32 జీబీ కార్డు, అదనపు బ్యాటరీ, సంచి ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోండి.

పాతది కొంటే

జయపురంలో కొన్నా, విశాఖలో కొన్నా ఇవి చూడకుండా డబ్బు ఇవ్వకండి.

1. లెన్సులోంచి టార్చి వేసి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది బూజు. వద్దు.
2. ఎఫ్16 పెట్టి తెల్లటి గోడను ఫోటో తీయండి. నల్ల మచ్చలుంటే సెన్సర్ మీద దుమ్ము ఉన్నట్టు.
3. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగండి. పెళ్లిళ్లలో వాడిన కెమెరాకు ఆ లెక్క చాలా ఎక్కువ ఉంటుంది.
4. అసలు బిల్లు, చార్జరు అడిగి తీసుకోండి. కొత్తది కొన్నప్పుడు కూడా ఇండియా వారంటీ ఉందో లేదో చూడండి.

నేర్చుకోవలసిన మూడు అంకెలు

ఎపర్చర్ అంటే కిటికీ ఎంత తెరిచామన్నది. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ కిటికీ పెద్దదవుతుంది, వెనకవైపు మసకబారుతుంది. షట్టర్ స్పీడ్ అంటే ఆ కిటికీ ఎంతసేపు తెరిచి ఉందన్నది. ఐఎస్ఓ మైకు వాల్యూమ్ లాంటిది. పెంచితే గొంతుతోపాటు గుయ్‌మనే శబ్దం కూడా పెరిగినట్టు, ఫోటోలో వెలుతురుతోపాటు గరుకుదనం కూడా పెరుగుతుంది.

కబడ్డీ ఆటకు షట్టర్ 1/500 లేదా ఇంకా వేగం పెట్టండి. డుడుమ జలపాతంలో నీటి తుంపర ఆగినట్టు రావాలంటే 1/1000. పాలధారలా రావాలంటే కెమెరాను స్టాండు మీద పెట్టి 1/4 సెకను దగ్గర ప్రయత్నించండి, ఉదయం మబ్బు వేళైతే సులువు. స్టేజి కార్యక్రమానికి లెన్సు పూర్తిగా తెరిచి ఐఎస్ఓ 1600 నుంచి మొదలుపెట్టండి. మొదటి నెల 'ఏ' లేక 'ఏవి' మోడ్‌లోనే తీయండి. ఎపర్చర్ మీరు పెడితే షట్టర్ కెమెరా చూసుకుంటుంది.

మన వానలు, మన చలి

కొరాపుట్ కొండల్లో కెమెరాకు పెద్ద శత్రువు తేమ. వానాకాలంలో గుడ్డసంచిలో పెట్టి అల్మరాలో దాచేస్తే లెన్సుకు బూజు పడుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచండి, జెల్ రంగు మారితే వేడి చేసి ఆరబెట్టండి. తోలు సంచిలో నెలల తరబడి పెట్టకండి. వారానికి ఒకసారైనా బయటకు తీసి వాడండి. చలికాలం తెల్లవారుజామున బయట తిరిగి ఇంటికొచ్చాక సంచి జిప్పు వెంటనే తీయవద్దు. అరగంట ఆగితే లోపల మంచు పట్టదు.

అడిగి తీయాలి

ఇది అన్నిటికంటే ముఖ్యం. ఒనకఢిల్లీ గురువారం సంతకు బోండా, గదబ అక్కచెల్లెళ్లు, పెద్దవాళ్లు వస్తారు. వాళ్లు బొమ్మలు కారు, మన ఇరుగుపొరుగు. దూరం నుంచి పెద్ద లెన్సుతో దొంగచాటుగా తీయడం మర్యాద కాదు. వాళ్ల భాషలో గానీ, దేశియాలో గానీ అడగండి. తల అడ్డంగా ఊపితే కెమెరా దించేయండి. ఒప్పుకున్నవాళ్లకు ఒక ప్రింటు తీసి ఇవ్వండి. పిల్లల ఫోటోలు తల్లిదండ్రులను అడగకుండా ఎక్కడా పెట్టవద్దు. మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం, డ్యాముల దగ్గర అనుమతి లేకుండా తీయకండి.

కెమెరా వచ్చాక మొదటి ఫోటోలు మీ ఇంట్లోనే తీయండి. చాలా కుటుంబాల్లో తాతమ్మ, తాతయ్యల మంచి ఫోటో ఒక్కటి కూడా ఉండదు. కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఫ్లాష్ లేకుండా తీసి, వెనక పేరు, ఊరు, తేదీ రాసి పెట్టండి. కార్డులో ఉన్నవి ఎప్పుడైనా పోవచ్చు, అందుకే మరోచోట కూడా కాపీ ఉంచండి.

కెమెరా ఎంపికలో సందేహాలుంటే బడి వేళల్లో వచ్చి అడగవచ్చు. కొనే ముందే రండి.

— ప్రధానోపాధ్యాయుడు