నేల కింది సరిహద్దులు

మన పాత వరంగల్లు జిల్లా నుండి 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేర్వేరు జిల్లాలైన సంగతి విదితమే. ఆ హద్దులు మనుషులు గీసినవి. నేల కింద ప్రకృతి గీసిన హద్దులు వేరే ఉన్నవి. వాటిని శాస్త్రజ్ఞులు ఎట్లా చదివినారో రెండు మాటలు మనవి చేస్తాను.

జనగామ కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. మహబూబాబాదులోనూ చాలా భాగం అదే. తూర్పున పొరలు పొరలుగా పాకాల శిలలు కనిపిస్తవి. భూపాలపల్లి వైపు ఇసుకరాయి, దాని నడుమ బొగ్గు.

1871లో విలియం కింగ్ దొర ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించినాడు. ఆయనకు ఆధారం కాలినడక, సుత్తె, పైకి తేలిన రాయి. పైకి తేలని రాయిని చూచే విద్యను 1921లో అమెరికాలోని ఓక్లహామాలో కార్చర్ బృందం పరీక్షించింది. నేలలో మందు పేల్చుతారు. కంపనం లోపలి పొరలకు తగిలి తిరిగి వస్తుంది. వరుసగా అమర్చిన జియోఫోన్లు దానిని నమోదు చేస్తవి. పోయి రావడానికి ఒక సెకను పట్టి, రాతిలో వేగం సెకనుకు 3000 మీటర్లయితే, పొర 1500 మీటర్ల లోతున ఉన్నట్లు. అటువంటి రికార్డులు పక్కపక్కన పేర్చితే పొర ఒక గీతగా కనబడుతుంది. గీత తెగి కిందికి జారితే అక్కడ రాయి విరిగినట్లు. బొగ్గు పొర హఠాత్తుగా తప్పిపోయేది అటువంటి చోటనే గనుక గనివారికి ఇది ముఖ్యం.

మన హైదరాబాదులో 1961లో స్థాపించిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, 1972లో సోవియట్ సహకారంతో కావలి–ఉడిపి మార్గంలో లోతైన భూకంపన సర్వే ఆరంభించింది. తరువాత గోదావరి లోయలోనూ జరిపి, ఫలితాలు 1990లో ప్రకటించింది.

అయితే వేగం అంచనా తప్పితే లోతూ తప్పుతుంది. మన గుమాస్తా భాషలో ఆ రికార్డు దరఖాస్తు వంటిది; బోరు వేసి చూడడం స్థల తనిఖీ. రెండూ సరిపోలితేనే ఫైలు ముగియాలి.

మరొక మాట. ఈ విద్యకు పొరలు కావాలి. జనగామ గ్రానైటులో అటువంటి పొరలు లేవు. నీళ్లుండేది మెత్తబడిన పైరాతిలో, పగుళ్లలో. అందుకే అక్కడ నీటి కోసం ఎక్కువగా విద్యుత్ నిరోధాన్ని కొలిచి చూస్తారు. రిటైర్మెంటు సొమ్ముతో బోరు వేయించదలచిన మిత్రులు అరచేతిలో కొబ్బరికాయను నమ్మక ముందే భూగర్భజల శాఖ వారిని సంప్రదించ ప్రార్థన. నేల లోపలి సంగతి ఊహతో కాదు, కొలతతో తెలుస్తుంది.