పాట వినేవారి గుట్టు

పాట పాడినవారి పేరు లోకానికి తెలియవలెనని కోరుకోవడం సహజము. పాట విన్నవారి పేరు ఎవరికి కావాలి? నూరు సంవత్సరాల క్రిందట ఈ ప్రశ్న వేసినట్లయితే ఎవరైనా నవ్వి ఊరకుండేవారు. 1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ తరపున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలను రికార్డు చేసినాడు. పాట ముగియగానే ఆమె తన పేరు తానే చెప్పుకొనేది. కాని ఆ రికార్డును కొన్నదెవరో, ఇంటికి తీసుకొనిపోయి ఎన్నిమార్లు త్రిప్పినారో, విసుగుపుట్టి ఎక్కడ ముల్లు ఎత్తివేసినారో కంపెనీకి తెలియదు. తెలుసుకొనే ఉపాయము కూడా లేదు. నేడు పరిస్థితి తలక్రిందులైనది. ఏ పాటను ఏ ఘడియలో ఎవరు విన్నారో, ఎన్నవ సెకను వద్ద ఆపినారో అమ్మేవారికి తెలుస్తున్నది. ఈ మార్పు ఒక్కనాటిలో రాలేదు. ఇది ఎట్లు వచ్చినదో తూర్పుకనుమలలోని అరకు ప్రాంతమునుండి చూడడం మంచిది. ఎందువల్లనంటే, పట్టణాలలో తెలియకుండా జరిగిపోయిన మెట్లు అక్కడ ఒక్కొక్కటి విడివిడిగా కనబడుతవి.

అరకులోయ విశాఖపట్టణానికి సుమారు 110 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి రమారమి 900 మీటర్ల ఎత్తున ఉన్నది. భగత, వాల్మీకి, కొండదొర, కోటియ, పోర్జ, గదబ, ఖోండు మొదలైన జాతులవారు అక్కడ నివసిస్తారు. పెండ్లిళ్ళకు, చైత్రమాసపు ఇటికల పండుగకు స్త్రీలు చేతులు ఒకరి వెనుకనుండి ఒకరు పెనవేసి వరుసగా నిలిచి థింసా ఆడుతారు. మోరి, తుడుము, డప్పు, కిరిడి, జోడుకొమ్ములు మ్రోగుతవి. అక్కడ పాట వినడంలో చాటు అన్నది లేదు. ఎవరు వచ్చినారు, ఎవరు రాలేదు, ఎవరు మధ్యలో లేచిపోయినారు అన్నది ఊరంతటికీ తెలుసును. దీనిని చూపి, ఆదివాసులకు ఆంతరంగికత అక్కరలేదని చెప్పేవారున్నారు. ఆ మాట సరి కాదు. ఊరివారు నన్ను చూస్తారు, నేను ఊరివారిని చూస్తాను. చూపు రెండు వైపులా ఉన్నది. చూచినదానిని వ్రాసిపెట్టుకొని పది సంవత్సరాల తరువాత వేరొకరికి అమ్మేవాడు ఆ ఆటలో లేడు. తెలుగులో దీనికొక చక్కని మాట ఉన్నది: గుట్టు. న్యాయశాస్త్రజ్ఞులు గోప్యత అంటున్నారు గాని, ఇంటి గుట్టు అన్నప్పుడు మనకు స్ఫురించే అర్థము అందులో పూర్తిగా రాదు. గుట్టు అనగా ఎవరికీ తెలియనిది కాదు. తెలియవలసినవారికి మాత్రమే తెలిసినది.

ఇక రేడియో సంగతి. 1924లో మదరాసులో రేడియో క్లబ్బు ప్రసారాలు ఆరంభించినది. 1927లో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ వచ్చినప్పుడు రేడియోసెట్టుకు సంవత్సరానికి 10 రూపాయల లైసెన్సు ఉండేది. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము ప్రకారము లైసెన్సు లేకుండా సెట్టు ఉంచుకోవడమే నేరము. పోస్టాఫీసులో సొమ్ము కట్టి, పేరు, చిరునామా వ్రాయించి పుస్తకము తెచ్చుకోవలసి ఉండేది. 1980ల నడిమి వరకు ఈ పద్ధతి సాగినది. కనుక రేడియో కాలములో ప్రభుత్వానికి ఏమీ తెలియదనుకొనరాదు. ఎవరింట సెట్టు ఉన్నదో తెలుసును. కాని ఆ సెట్టులో వారేమి వింటున్నారో తెలియదు. ఈ రెండింటికీ నడుమ ఉన్న గీత చట్టము గీచినది కాదు, భౌతికశాస్త్రము గీచినది. ప్రసారకేంద్రపు ఏరియలు నుండి వెలువడిన తరంగము నలుదిక్కులా వ్యాపిస్తుంది. ఇంటిలోని తీగ దానిలో రవంత శక్తిని గ్రహిస్తుంది. గ్రహించినట్లు కేంద్రానికి ఎట్టి కబురూ పోదు. వాన కురిసినప్పుడు ఎవరి దోసిలిలో ఎన్ని చినుకులు పడినవో మేఘానికి తెలియనట్లే ఇది. సెట్టు లోపలి ఆందోళకమునుండి స్వల్పమైన తరంగాలు బయటికి పోవడము నిజమే. దగ్గరకు వచ్చి సున్నితమైన పరికరముతో వెదకితే దొరకవచ్చును. కాని ఊరూరా, ఇంటింటా అట్లు వెదకడము సాధ్యమయ్యే పని కాదు.

అందుచేతనే వినికిడిని అదుపులో పెట్టదలచినవారు భయముమీద ఆధారపడవలసి వచ్చినది. 1939 సెప్టెంబరు 1వ తేదీన, అనగా పోలండుపై దండెత్తిన దినముననే, హిట్లరు ప్రభుత్వము విదేశ రేడియోలు వినడము నేరమని శాసించినది. చవుకగా పంచిన రేడియోసెట్లకు ఆ హెచ్చరిక చీటీ తగిలించినారు. వినేవారిని పట్టి ఇచ్చినది యంత్రము కాదు, గోడకు చెవి ఆనించిన పొరుగువాడు.

మనదేశములో సంగతి ఇంత ఘోరము కాదు. 1948లో విజయవాడ కేంద్రము, 1963లో విశాఖపట్టణ కేంద్రము ప్రారంభమైనవి. 1957లో వివిధభారతి పుట్టినది. శ్రోతలు ఏమి కోరుతున్నారో తెలుసుకొనుటకు ఆకాశవాణికి ఉన్న ముఖ్యసాధనము పోస్టుకార్డు. జనరంజనిలో పాటకు ముందు కోరినవారి పేర్లు, ఊళ్ళు చదివేవారు. ఆ పేరు వినుటకే రేడియో ముందు కూర్చున్న కుటుంబాలు ఎన్నో. ఇప్పుడు చట్టములలో సమ్మతి అనే మాట పుటలకొద్దీ కనబడుతున్నది గాని, దాని అర్థము ఆ కార్డులోనే ఉన్నది. పేరు తెలుపదలచినవాడు కార్డు వ్రాసినాడు. తెలుపదలచనివాడు వ్రాయలేదు, అయినా అదే పాట అంతే చక్కగా విన్నాడు.

కరెంటు లేని కొండగ్రామాలకు బ్యాటరీతో నడిచే ట్రాన్సిస్టరు నిజమైన వరము. అందులోనూ మధ్యతరంగాల నిడివి కొన్ని వందల మీటర్లు. అవి కొండల అంచులను చుట్టి లోయలలోనికి కొంతవరకు దిగగలవు. సెల్‌ఫోను తరంగాలు అట్లు కావు. 1800 మెగాహెర్ట్‌జ్ తరంగపు నిడివి జానెడుకంటె తక్కువ. కొండ అడ్డమైతే అక్కడితో సరి. ఫోను చేతికి వచ్చిన తరువాత కూడ చాలాకాలము కొండగ్రామాలకు సిగ్నలు అందకపోవడానికి డబ్బు లేమి ఒక కారణమైతే, ఇది రెండవది.

ఆ నడిమి కాలములోనే ఒక విచిత్రము జరిగినది. కాంపాక్టు డిస్కులో శబ్దాన్ని సెకనుకు 44,100 మార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్ల అంకెగా, రెండు వరుసలలో వ్రాస్తారు. సెకనుకు 14,11,200 బిట్లు అన్నమాట. ఐదు నిమిషాల పాటకు సుమారు 53 మెగాబైట్లు. 1990లలో జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ మొదలైనవారు, మన చెవి ఎట్లాగూ పట్టుకోలేని శబ్దభాగాలను వదలివేసి అదే పాటను దాదాపు పదకొండవ వంతుకు కుదించినారు. దానికే ఎంపీ3 అని పేరు. 5 మెగాబైట్లు కూడ పట్టని పాటలు 2 గిగాబైట్ల మెమరీకార్డులో నాలుగు వందలు సునాయాసంగా ఇమిడినవి. గోరంత కార్డు అది.

ఆ కార్డు మన దేశములోని చిన్న ఊళ్ళ సెల్‌ఫోను దుకాణాలకు కొత్త వ్యాపారము తెచ్చినది. కంప్యూటరులో పాటలు నింపి ఉంచుకొని, వచ్చినవారి కార్డులోనికి కొద్ది రుసుముకు ఎక్కించేవారు. సంతకు దిగి, ఉప్పు, చింతపండుతోపాటు పాటలు కూడ వేయించుకొని కొండెక్కితే చాలును. పై సంత వరకు నెట్టుతో పనిలేదు. ఇందులో వినికిడి లెక్క వ్రాసేవాడెవడూ లేడు. అయితే ఈ పద్ధతిని ఊరకే పొగడడము న్యాయము కాదు. ఆ పాటలలో చాలభాగము హక్కుదారుల అనుమతి లేకుండా నకలు తీసినవి. 1957 నాటి కాపీరైటు చట్టము దానిని ఒప్పదు. రెండవది, కార్డును దుకాణపు కంప్యూటరుకు తగిలించినప్పుడు పాటలు లోపలికి రావడమే కాదు, అందులోని ఇంటి ఫోటోలు బయటికి పోవడానికి కూడ అదే దారి.

ఇదే కాలములో సముద్రాలకు ఆవల వేరొక కథ నడిచినది. 1999లో అమెరికాలో రియల్‌నెట్‌వర్క్స్ కంపెనీవారి రియల్‌జ్యూక్‌బాక్స్ అనే పాటల సాధనమును రిచర్డ్ స్మిత్ అనే పరిశోధకుడు పరీక్షించినాడు. అది ప్రతి వినియోగదారునికి ఒక ప్రత్యేకసంఖ్య వేసి, వారు వినే డిస్కుల వివరాలను చెప్పకుండా కంపెనీకి పంపుతున్నట్లు బయటపడినది. కంపెనీ క్షమాపణ చెప్పి సవరణ విడుదల చేసినది. 2005లో సోనీ బీఎంజీవారి కొన్ని పాటల డిస్కులు కంప్యూటరులో పెట్టగానే దాగి ఉండే ఒక ప్రోగ్రాము లోపల పాతుకొనేది. మార్క్ రుసినోవిచ్ దానిని కనిపెట్టిన మీదట ఆ డిస్కులను వెనుకకు తీసుకోవలసి వచ్చినది. నా దృష్టిలో పాట వినడము చరిత్రలో మలుపు 1999. అంతవరకు కొన్న వస్తువు కొన్నవాని పక్షాన ఉండేది. అప్పటినుండి అది అమ్మినవానికి ఉత్తరాలు వ్రాయసాగినది.

అరకు కొండలకు ఆ మలుపు ఆలస్యంగా చేరినది. 2016లో జియో రాకతో డేటా చవుకైనా, లోపలి గ్రామాలకు టవర్లు లేవు. పాడేరు కేంద్రముగా 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినది. 2023 జూనులో రాష్ట్రములో ఒకేసారి ప్రారంభించిన 100 నాలుగవ తరం టవర్లలో 85 ఈ జిల్లాలోనివే. టవరు వస్తే అంబులెన్సుకు కబురు పోతుంది, బడిపిల్లలకు పాఠాలు వస్తవి. దానిని కాదనేవారు లేరు. దానితోపాటు పాటలు కూడ కార్డునుండి వాహినికి మారినవి.

వాహినిలో పాట వినడమంటే ఏమిటి? ఫోను ఒక దూరపు కంప్యూటరును అడుగుతుంది. అది పాటను ముక్కలు ముక్కలుగా పంపుతుంది. అడగనిదే రాదు, చిరునామా చెప్పనిదే చేరదు. కనుక ఖాతా, పాట, సమయము, ఫోను రకము, ఆపిన చోటు ఆ కంప్యూటరుకు సహజంగానే తెలుస్తవి. దారిలో ఉన్న టెలిఫోను కంపెనీకి సంకేతలిపి వల్ల పాట పేరు తెలియకపోవచ్చును. ఏ టవరు క్రింద ఉన్నదీ, ఏ సేవతో మాట్లాడుతున్నదీ తెలుస్తుంది. ఈ లెక్కలు లేకపోతే పాడినవారికి సొమ్ము చెల్లించడమెట్లు అని కంపెనీలు అడుగుతవి. స్పాటిఫై 30 సెకనులు విన్నదానిని ఒక వినికిడిగా లెక్కిస్తుంది. న్యాయమే. కాని సినిమాహాలులో టిక్కెట్లు లెక్కించినంతమాత్రాన ప్రేక్షకుల పేర్లు పది సంవత్సరాలు దాచనక్కరలేదు గదా.

పాటలే కదా, తెలిస్తే ఏమి అని విద్యార్థులు అడుగవచ్చును. జోలపాటలు మొదలైతే ఇంట బిడ్డ పుట్టినది. తెల్లవారుజామున భక్తిగీతాలు మతాన్ని చెపుతవి. రాత్రి రెండు గంటలకు విషాదగీతాలు నిద్రలేమిని చెపుతవి. ఇక ఎవరన్నది తెలియడానికి పేరు అవసరము లేదు. అవును, కాదు అనే ఒక్క సమాధానము ఒక బిట్టు సమాచారము. 2ను 33 మార్లు హెచ్చవేస్తే 859 కోట్లు వస్తుంది. అనగా 33 బిట్లతో భూమిమీది ఏ మనిషినైనా వేరు చేయవచ్చును. ఒక కొండ టవరు క్రింద 4,000 మంది ఉన్నారనుకొందాము. అందులో ఒకరిని గుర్తించుటకు 12 బిట్లు చాలు. తక్కిన 21 టవరే చెప్పివేసినది. ఫోనులోని స్థానసమాచారాన్ని పాటల సాధనానికి ఒప్పగించినవారి విషయములో కంపెనీకి కూడ ఇదే తెలుస్తుంది. హైదరాబాదులో సినిమాపాట వినేవారు లక్షలు. కువి పాటలు, గదబ పాటలు, ఆదివాసీ ఒడియా పాటలు వెదకి వినేవారు కొద్దిమంది. భాష ఎంత అరుదైతే వినేవాడు అంత త్వరగా బయటపడుతాడు. 2006లో నెట్‌ఫ్లిక్స్ కంపెనీ పేర్లు తొలగించి ప్రకటించిన సుమారు 10 కోట్ల సినిమా మార్కులను టెక్సస్ విశ్వవిద్యాలయములోని అరవింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ పరీక్షించి, ఎనిమిది సినిమాల మార్కులు, ఇంచుమించు తేదీలు తెలిస్తే, అందులో రెండు తప్పైనా, నూటికి 99 వరుసలు ప్రత్యేకంగా తేలిపోతవని 2008లో చూపినారు. పేరు తీసివేయడము రక్షణ కాదని దానితో తేలినది.

చట్టము సంగతి క్లుప్తముగా చెప్పుదును. 1987లో అమెరికాలో రాబర్ట్ బోర్క్ అనే న్యాయమూర్తి అద్దెకు తెచ్చుకొన్న వీడియోల జాబితాను ఒక పత్రిక ప్రచురించగా, మరుసటి సంవత్సరమే అట్టి జాబితాలను రక్షించే చట్టము వచ్చినది. మనదేశములో 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పినారు. 2023లో స్వీడను అధికారులు స్పాటిఫైకి 5 కోట్ల 80 లక్షల క్రోనార్ల జరిమానా వేసినారు. వినియోగదారులకు వారి సమాచారమును గురించి తగినంత స్పష్టంగా చెప్పలేదన్నది అభియోగము. మన పార్లమెంటు డిజిటలు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చేసినది కూడ 2023లోనే. నియమావళి 2025 నవంబరులో వెలువడినది, ముఖ్యభాగాలు పదునెనిమిది నెలల గడువుతో అమలులోనికి వచ్చునట్లు ఏర్పాటైనది. పదునెనిమిది సంవత్సరాలు నిండనివారి నడవడిని వెన్నాడి చూడడాన్ని, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపడాన్ని ఆ చట్టము నిషేధిస్తున్నది. ఈ పత్రిక చదివే విద్యార్థులలో చాలమందికి ఇది స్వంతవిషయము.

చట్టము చేరేలోపల చేతనైన పనులు కొన్ని లేకపోలేదు. న్యాయంగా కొన్న పాటల ఫైళ్ళను ఫోనులోనే ఉంచుకొని వీఎల్‌సీవంటి స్వేచ్ఛా సాధనముతో వింటే నెట్టు అడగనక్కరలేదు. పాటల సాధనము స్థానము, మైకు, పరిచయస్థుల పట్టిక అడిగినప్పుడు కాదనవచ్చును. పాట వినిపించుటకు వీటిలో ఏదీ అవసరము కాదు. కొన్ని సేవలలో ‘ప్రైవేటు సెషను’ అనే మీట ఉన్నది. అది స్నేహితులనుండి దాస్తుంది, కంపెనీనుండి కాదు.

ఉపాధ్యాయులు తరగతిలో సులభముగా చూపదగిన ప్రయోగము ఒకటి ఉన్నది. ఎఫ్.ఎం. రేడియో అమర్చిన ఫోనులో ఆకాశవాణి పెట్టండి. ఇయర్‌ఫోను తగిలించనిదే అది సాధారణముగా పలుకదు, ఆ తీగయే ఏరియలు గనుక. తరువాత ఆకాశవాణి కార్యక్రమమునే నెట్టుద్వారా పెట్టండి. శబ్దము కొన్ని సెకనులు వెనుకబడి వస్తుంది. ఇప్పుడు డేటాను ఆపివేయండి. రెండవది కొద్దిసేపటికి మూగపోతుంది, మొదటిది పాడుతూనే ఉంటుంది.